రాహుకాలంలో ఆగిన స్లాబు

నేను తాగుడు మానేసి రెండేళ్ళ ఏడు నెలలు. గొప్పకు చెప్పడం లేదు. ఊళ్ళో ప్రతివాడూ అడుగుతాడు కాబట్టి ఈ లెక్క ఎప్పుడూ నా నోట్లోనే ఉంటుంది. టీ కొట్టు దగ్గర అడుగుతారు, సిమెంటు అంగడిలో అడుగుతారు, మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే కూడా అడుగుతారు. "ఏమప్పా ఇస్మాయిల్, ఇంకా తాగడం ల్యా?" అని. ఆ 'ఇంకా' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పద్దెనిమిదేళ్ళు తాగాను. ఆ పద్దెనిమిదేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు "ఇంకా తాగుతాండావా?" అని అడిగిన పాపాన పోలేదు. పైగా గ్లాసు కడిగి మరీ చేతికిచ్చారు.

నేను స్లాబు మేస్త్రీని. కర్నూలు ఏ పక్కకు పెరిగితే ఆ పక్కన నా చేతి స్లాబులుంటాయి. గోడలు లేచేదాకా వేరే మేస్త్రీలు ఉంటారు, పైకప్పు పోసే రోజుకు నేనూ నా ముఠా దిగుతాం. కాంక్రీటు కలిపే మిల్లరు మిషను, లిఫ్టు, ఆడామగా కలిసి ఇరవైమంది. సగం మంది కోసిగి వాళ్ళు. గుంటూరుకు మిరపకాయల కోతకు పోనివాళ్ళు నా దగ్గరికి వస్తారు. పొద్దున మొదలుపెట్టామంటే ఆఖరి బొచ్చె కాంక్రీటు పడేదాకా ఆగకూడదు. స్లాబుకున్న పెద్ద నియమం అదొక్కటే. నడుమ ఆపితే పోసినది గట్టిపడిపోతుంది, తర్వాత పోసినది దానితో అతకదు. పైకి చూస్తే అంతా ఒకటిగానే ఉంటుంది. వాన నీళ్ళకు మాత్రం ఆ సందు తెలిసిపోతుంది.

మా పనిలో ఇంకో ఆచారం ఉంది. స్లాబు పడిన సాయంత్రం ఇంటాయన ముఠాకు పొట్టేలు కూర పెట్టి మందు పోయించాలి. సీసాలు మేస్త్రీ చేతికిస్తారు. పంచేది మేస్త్రీ. మొదటి గ్లాసు ఎత్తేదీ మేస్త్రీయే. నేను కొత్తగా మేస్త్రీ అయిన రోజు నా మొదటి గ్లాసు అట్లా వచ్చింది, చప్పట్లతో, శాలువా కప్పినంత మర్యాదగా. ఎవడూ బలవంతం చేయలేదు. బలవంతం చేస్తే తిట్టి పారిపోవచ్చు, మర్యాద చేస్తే ఎట్లా కాదంటాం? ఆ మర్యాదే నన్ను ముంచింది. మునిగాక "తాగుబోతు ఇస్మాయిల్" అని పేరు పెట్టింది కూడా ఆ చప్పట్లు కొట్టినవాళ్ళే.

మా అమ్మాయి ఫర్హానా నిఖా రోజు నేను అక్కడే ఉన్నానట. ఫొటోల్లో ఉన్నాను కూడా. కానీ నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ ఆల్బం తిరగేస్తుంటే ఎవడో నా షేర్వాణీ తొడుక్కుని నా కూతురి పక్కన కూర్చున్నట్టుంటుంది. వాడి మీద నాకు ఇప్పటికీ కోపం.

తర్వాత తాగుడు మాన్పించే సెంటరులో మూడు నెలలు ఉన్నాను. అక్కడ యామిని అని ఒక మేడం, మా ఫర్హానా కంటే చిన్నది, ప్రతి సాయంత్రం ఎదురుగా కూర్చుని "ఈ రోజు చూసినవి పది చెప్పండి" అనేది. మొదటి రోజు నేను రెండు చెప్పాను. ఫ్యాను, గోడ. మూడోది ఎంత వెతికినా దొరకలేదు. ఇదేం వైద్యం, చిన్నపిల్లల బడి మాదిరి, అని ఒళ్ళు మండిపోయింది. అయినా ఆమె వదల్లేదు. నెల తిరిగేసరికి పది దాటి పదిహేను వచ్చాయి. రెండు నెలలకు, చాల్లే ఆపండి అని ఆమే అనేది. పద్దెనిమిదేళ్ళలో నా దగ్గరనుంచి పోయిన రోజులన్నీ ఎటుపోయాయో అప్పుడు అర్థమైంది. ఉన్న రోజులైనా నావి కావాలని పట్టుదల పుట్టింది.

ఇంటికొచ్చిన రోజు నా భార్య జులేఖా గడప దగ్గర అడ్డంగా నిలబడింది. "నోరు" అంది. నాకు అర్థం కాలేదు. మునివేళ్ళ మీద లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. "ఊఁ" అని పక్కకు జరిగి దారిచ్చింది. "ఇక దినామూ ఇంతే. వాసనొచ్చిన దినం నేను కడపకు, మా ఫిరోజా అక్క దగ్గరికి పోతా. మళ్ళా రాను" అంది. జులేఖా ఒక మాటంటే రాతి మీద చెక్కినట్టే.

అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఇదే తంతు. నలభై ఏడేళ్ళ మనిషిని, ఇరవైమందిని పనిచేయించేవాణ్ణి, పాలు విరిగాయా లేదా అని మూత తీసి చూసినట్టు నన్ను చూస్తుంది. అది కూడా వీధి గుమ్మంలో. ఎదురింటి గిడ్డమ్మ చాట పట్టుకుని బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ రోజూ ఆ సమయానికి అరుగు మీదకు వస్తుంది. ఒకసారి ఆగలేక అడిగాను, "ఇంకెన్నాళ్ళే ఇది?" అని. జులేఖా "ఊఁ" అని పక్కకు జరిగింది. లోపలికి పోయి అన్నం ముందు కూర్చుంటే ఆ రోజు చూసినవి పది చెప్తాను. వింటుంది. అది మాత్రం నాకు ఇష్టం.

ఇక జూన్‌లో మొదటి పెద్దవాన పడిన మరుసటి పొద్దున జరిగింది చెప్తాను.

ఎనిమిది గంటలకు మా వీధిలో తెల్ల కారు ఆగింది. దిగింది సుధీర్ రెడ్డి. కోచింగ్ సెంటర్లు నడుపుతాడు. నంద్యాల రోడ్డు వైపు కొత్త ఇల్లు కట్టాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆ ఇంటి స్లాబు పోసింది నేనే. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. కారు పక్కన నిలబడి వీధంతా వినేట్టు మొదలుపెట్టాడు.

"ఏమప్పా ఇస్మాయిల్! తాగి పోసేటోనివి నా స్లాబు ఎందుకు ఒప్పుకుంటివి? దేవుని రూములో నీళ్ళు కారతాండాయి. అహోబిలం స్వామి పటం తడిసి ముద్దయిపాయ. గృహప్రవేశం చేసి రెండు నెలలు కాల్యా!"

"ఎవరు తాగింది సార్?" అన్నాను.

"ఎవురేంది? నువ్వే. ఆ పొద్దు సాయంత్రం మిద్ది మీద నీ చేతిలో సీసా నా కండ్లతో చూసినా. మానేసినా మానేసినా అని ఊరంతా డప్పు కొట్టుకుంటావు. కుక్క తోక వంకర పోతాదా?"

గిడ్డమ్మ చాట కింద పెట్టేసింది. కోపం మరీ ఎక్కువైతే నాకు గొంతు పట్టుకుపోతుంది. వెనక తలుపు దగ్గరనుంచి జులేఖా మాత్రం నిదానంగా అడిగింది.

"ఏ దినం సార్ అది?"

ఆయన తారీకు చెప్పాడు. నేను ఇంటికొచ్చిన ఈ రెండేళ్ళ నాలుగు నెలల్లో జులేఖా నా నోరు వాసన చూడని రోజు ఒకే ఒక్కటి. ఫిరోజా అక్కకు కంటి ఆపరేషనని కడపకు పోయిన ఆదివారం. అదే రోజు. ఎనిమిది వందల పై చిలుకు రోజులు నాకు సాక్షి ఉంది, ఆ ఒక్క రోజుకు లేదు. ఈ పెద్దమనిషి వెతికి వెతికి దాన్నే పట్టుకొచ్చాడు.

"రేపు సాయంత్రంలోగా వచ్చి చూడు. లేకుంటే నీతో ఎవురూ స్లాబు పోయించకుండా చేస్తా" అని కారెక్కి పోయాడు.

జులేఖా నా వైపు చూసింది. "ఆ దినం ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తివి. సీసా అంటాండాడు ఆయప్ప. ఉత్త మాటేనా?"

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. చెప్పకుండా దాటేయొచ్చు, కానీ దాటేస్తే నేనూ సుధీర్ రెడ్డీ ఒకటే అవుతాం.

"సీసా నిజమే. లోపలుండేది సుగంధి షర్బత్తు, నువ్వు చేసి పెట్టి పోయినదే" అన్నాను.

"సీసా యాడిది?"

"సెంటరుకు పోయే పొద్దున తాగిన ఆఖరి హాఫ్ సీసా. ఇంటి పైకప్పు రేకుల సందులో దాచిపెట్టినా."

పనికి షర్బత్తు ప్లాస్టిక్ సీసాలో పోసిచ్చేది ఆమె. ఆమె ఊళ్ళో లేని రోజు చూసి నేను ఆ గాజు సీసా దించాను, రాత్రికి మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఎందుకంటే ఏం చెప్పను? ఇరవైమంది తాగే చోట, నేనూ అట్లాంటి సీసానే చేత్తో పట్టుకుని, షర్బత్తు తాగుతూ, మీరందరూ నా ముందు ఎంత అని చూపించుకోవాలనిపించింది. మగాడి పొగరు. ఇంట్లో ఆడది లేనప్పుడే బయటికొచ్చే పొగరు.

"రెండేండ్లు దాచిపెడితివా?" అంది. లోపలికి పోయింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది. బురఖా వేసుకుని, చేతిలో బట్టల సంచీతో బయటికొచ్చింది.

"పద. ఆ మిద్ది చూద్దాం. చూసినాక నేను ఇంటికి రావాల్నా, కడప బస్సు ఎక్కాల్నా అనేది తేల్చుకుంటా."

ఆటోలో దారి పొడుగునా నేను మండిపోతూనే ఉన్నాను. ఎనిమిది వందల రోజులకు విలువ లేదా? ఒక్క రోజు నోరు చూడకపోతే అన్నీ గంగలో కలిసినట్టేనా? సీసా దాచిపెట్టడం తప్పే, ఒప్పుకుంటాను, కానీ ఖాళీ సీసా మనిషిని తాగించదు కదా. ఇవన్నీ పైకే అన్నాను. జులేఖా సంచీని ఒళ్ళో పెట్టుకుని బయటకు చూస్తూ కూర్చుంది. ఆటో డ్రైవరు మాత్రం అద్దంలోంచి చూసి, "ఏమన్నా, మందు గొడవా?" అన్నాడు.

సుధీర్ రెడ్డి ఇంట్లోనే ఉన్నాడు. రేపటికి రమ్మంటే అప్పుడే వచ్చామని, పైగా భార్యతో వచ్చానని ఇబ్బంది పడ్డట్టున్నాడు. దేవుని రూములోకి తీసుకుపోయి పైకి చూపించాడు. నిజమే. సీలింగు మీద ఈ గోడనుంచి ఆ గోడ దాకా తడి గీత. గీత పొడుగునా నీటి బొట్లు వరస కట్టాయి. పటాలన్నీ తీసి హాల్లో కుర్చీల మీద ఆరబెట్టారు. వాళ్ళమ్మ సుబ్బలక్ష్మమ్మ ఒక పటాన్ని చీరచెంగుతో తుడుస్తోంది. నన్ను చూసి తల దించుకుంది.

ఆ గీతను చూడగానే నా గొంతు తెరుచుకుంది. ఎందుకంటే ఆ గీత నాకు తెలుసు. అది యాడ మొదలై యాడ ముగుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

"మిద్దె మీదకు పోదాం పదండి సార్. అందరం పోదాం. పెద్దమ్మా, మీరు కూడా రాండి" అన్నాను.

పైకి పోయాక నేను మొదలుపెట్టాను. ఆపితే మళ్ళీ గొంతు పట్టుకుపోతుందేమోనని ఆపకుండా చెప్పాను.

"సార్, తాగినోనికి ఆ దినం గుర్తుండదు. నా బిడ్డ నిఖానే నాకు గుర్తుల్యా. మీ స్లాబు పడిన దినం చెప్తా వినండి. పొద్దున ఆరూ ఇరవైకి పెద్దమ్మ టెంకాయ కొట్టింది. పెచ్చు ఎగిరి కోసిగి నారాయణ కాలి మీద పడింది. ఏడు కొట్టంగా ఈ మూలన మొదటి బొచ్చె పోసినాం. పదకొండింటికి మిల్లరు బెల్టు తెగింది. కొత్తది తెచ్చి వేసేసరికి అరగంట పాయ. ఆ అరగంట నేను కూర్చోల్యా, పోసినంత వరకు అంచు తడుపుతా ఉన్నా, ఎండకు గట్టిపడకుండా. రెండున్నరకు మీ మేనమామ తెల్లచెప్పులతో ఇనుప కమ్ముల మీద నడిస్తే దిగమన్నా. ఆయనకు కోపమొచ్చి కిందికి పోయి కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్యాడు. నాలుగున్నరకు ఇంక ఈ దేవుని రూము మీది ముక్క ఒకటే మిగిలింది. ముప్పావు గంట పని. అప్పుడు మెట్ల మీదనుంచి పెద్దమ్మ వచ్చి ఏమనింది సార్?"

సుధీర్ రెడ్డి జేబులోంచి ఫోను తీశాడు.

"ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం, దేవుని రూము మీద ఆ టయానికి పడగూడదు, ఆపండి అనింది. నేను చెప్పినా. అమ్మా, ముహూర్తం మొదలుపెట్టేటప్పుడు చూసుకోవాల గానీ నడుమ చూడగూడదు, స్లాబు ఆగితే అతకదు అని రెండు మార్లు చెప్పినా. మీరేమంటిరి? 'అమ్మ మాట కాదంటే ఎట్ల, గంటన్నరే కదప్పా' అంటిరి. ముఠా పని వదిలి పోతారేమోనని పని కాకముందే సీసాలు తెప్పిస్తిరి. కాంక్రీటు పోసేదానికి అడ్డమొచ్చిన రాహువు మందు పోసేదానికి అడ్డం రాల్యా!"

నవ్వొచ్చే మాటే, కానీ ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"సీసాలు నా చేతికిస్తిరి పంచమని. నేను ముట్టల్యా. నారాయణ పంచినాడు. ఆరూ అయిదుకు మళ్ళా మొదలుపెడితే మనుషులకు కాళ్ళు నిలవడం ల్యా. కాంక్రీటు అదిమే వైబ్రేటరు పట్టుకున్నోడు గొట్టం గాల్లో ఆడిస్తాండాడు గానీ లోపలికి దించడం ల్యా. నేనే గుంజుకుని దించినా. పాత అంచు గీకి సిమెంటు పాలు పోసినా. చాలల్యా. గంటన్నర ఆగినదానికి ఏం పోసినా చాలదు. ఇదిగో, ఈడనుంచి ఆడికి." జేబులోంచి బలపం తీసి నేల మీద గీత గీశాను. కింద కారుతున్న గీతకు ఇది సరిగ్గా పైన ఉంటుందని కొలత పెట్టి చూడక్కర్లేదు. "నా తప్పుండాది సార్. మీరు ఆపమంటే ఆపడం నా తప్పు. మేస్త్రీని, పోండి కిందికి అని ఉండాల. ఆ తప్పుకు ఏమన్నా అనండి, పడతా. తాగినావంటే మాత్రం పడను."

"మరి సీసా?" అన్నాడు సుధీర్ రెడ్డి. ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నాడు.

"సీసా నిజం. అందులో సుగంధి షర్బత్తు. చిక్కగుంటే, నీళ్ళకు కిందికొచ్చి పెద్దమ్మను అడిగినా."

జులేఖా అప్పటిదాకా పిట్టగోడ పక్కన సంచీ పట్టుకుని నిలబడింది. ఇప్పుడు సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

ముసలామె కొడుకు వైపు చూసింది. "అమ్మకేం గుర్తుంటాది? అమ్మా, నువ్వు కిందికి పో, ఎండగా ఉండాది" అన్నాడు కొడుకు. ఆమె మెట్ల వైపు నడిచింది. ఇంత వయసు, ఇన్ని పూజలు, ఒక్క నిజం చెప్పడానికి నోరు రాదా అని అరవబోయాను. జులేఖా చెయ్యి పెట్టి ఆపింది.

"అమ్మా, నాది మీ ఇంటి గొడవ కాదు. ఈడనుంచి నేను ఇంటికి పోవాల్నా, బస్టాండుకు పోవాల్నా అనేది మీ మాట మీద ఉండాది. ఇదో, బట్టలు కూడా తెచ్చుకున్యా."

సుబ్బలక్ష్మమ్మ రెండో మెట్టు మీద ఆగింది. సంచీ వైపు చూసింది. గోడ పట్టుకుని మళ్ళీ పైకి వచ్చింది.

"నీళ్ళు నేనే పోసినా. నిమ్మకాయ కూడా పిండినా" అంది. "సుగంధి వాసన నాకు తెలీదా? మాది అహోబిలం పక్కపల్లె. కొండలో ఈ షర్బత్తు చేసే నన్నారి వేర్లు తవ్వుకొచ్చి మా ఇంటెనకనే ఆరబెట్టేటోళ్ళు. సీసా చూసి నేనూ భయపడినా మొదట. మూత తీస్తే మా పుట్టింటి వాసనొచ్చింది. ఈ నాయన ఆ దినం చుక్క తాగల్యా."

"మరి మీ అబ్బాయి మా వీధిలోకొచ్చి అరిచేదాకా ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెబితే స్లాబు ఆపించింది నేనని చెప్పుకోవాల కదా నాయనా. పటాలు తడిసింది నావల్లనే అని ఎట్ల చెప్పేది?" చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మాటకు నా కోపం సగం చల్లారింది. మిగతా సగం సుధీర్ రెడ్డి కోసం ఉంచుకున్నాను. ఆయన ఫోను చూసుకుంటూ అన్నాడు కదా, "సరేలేప్పా, అయిందేదో అయిపాయ. కారేది ఎట్ల ఆపుతావో చూడు. అయినా అట్లాంటి సీసా పట్టుకుని తిరిగితే చూసినోడు ఏమనుకుంటాడు, నువ్వే చెప్పు."

సగం న్యాయం ఉన్న మాటకంటే మంట పుట్టించేది ఇంకోటి లేదు. తప్పు చేసినవాడు నీ తప్పు వెనక దాక్కుంటాడు, నువ్వు వాణ్ణి బయటికి లాగలేవు.

"గురువారం వస్తా సార్. ఈ గీత పొడుగునా కొట్టి, కడిగి, మళ్ళా నింపుతా. మీకోసం కాదు. కారేది నా స్లాబు కాబట్టి" అన్నాను. "ఈ మారు ఏ కాలమొచ్చినా నేను ఆపను. పెద్దమ్మా, ఏమనుకోవద్దు."

"ఆపొద్దు నాయనా" అంది ఆమె.

మెట్లు దిగబోతూ జులేఖా సుధీర్ రెడ్డితో అంది, "సార్, మా వీధిలో కారు పక్కన నిలబడి అరిస్తిరి. అంతే గట్టిగా, ఆడనే నిలబడి, తాగల్యా అని ఒక్క మాట చెప్పిపోండి." ఆయన "చూద్దాంలేమ్మా" అన్నాడు. ఆ చూద్దాం ఇప్పటికీ చూడలేదు. గురువారం పోయి రిపేరు చేసి వచ్చాను, తర్వాత రెండు పెద్దవానలు పడ్డాయి, చుక్క కారలేదు. ఆయన కారు మాత్రం మా వీధికి రాలేదు. నన్ను తాగుబోతనడానికి అంత దూరం రాగలిగినవాడికి, కాదనడానికి మాత్రం దారి తెలియలేదు.

ఆ రోజు మిద్దె దిగాక ఆటోవాడు ఎక్కడికని అడిగితే నేను నోరు మూసుకున్నాను. జులేఖా మా పేట పేరు చెప్పింది. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు. కాని సంచీ మాత్రం ఒళ్ళోనే ఉంది.

ఇంటికి రాగానే "సీసా తీయి" అంది. నిచ్చెన వేసి రేకుల సందులోంచి తీశాను. పగలగొడుతుందనుకున్నాను, చేత్తో కూడా ముట్టలేదు. "పాతసామాన్లోనికి వేసి రాపో" అంది. వాడు బండి వేసుకుని వీధి చివర మలుపులో కూర్చుంటాడు, సాయంత్రం గానీ రాడు. అప్పటిదాకా సీసా పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని, పొద్దు వాలాక పోయాను. ఒక సీసాకు ఏమిస్తానని వాడు గొణిగి, చివరికి ఒక ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, చేతిలో పెట్టాడు. రెండేళ్ళు దాచుకున్న నా పొగరు ఒక ఎర్రగడ్డకు పోయింది. అది కూడా కొంచెం మొలకెత్తిన ఎర్రగడ్డ.

తిరిగి ఇంటికొచ్చేసరికి జులేఖా గడపలో నిలబడి ఉంది. ఎదురుగా గిడ్డమ్మ, చాట.

"నోరు" అంది జులేఖా.

పొద్దుననుంచి అణచిపెట్టుకున్నదంతా అప్పుడు పొంగింది. "ఏందే నోరు? పొద్దంతా నా ఎంటనే ఉంటివి. ఆ పెద్దామె చెప్పింది నీ చెవులారా వింటివి. వీధి చివరకు పోయి ఎర్రగడ్డ తెచ్చినా. ఇంకా నమ్మకం ల్యాదా నీకు? ఇంకెన్నేండ్లు నన్ను నలుగురిలో వాసన చూస్తావు?"

జులేఖా గొంతు తగ్గించింది, గిడ్డమ్మకు వినపడకుండా.

"వాసన చూసేది పోయిన రంజానుకే మానేసినా. ఈ పొద్దు సంచీ కట్టింది సీసా దాచినందుకు, నీ నోటికి కాదు."

"మరి దినామూ ఈ తంతు ఎందుకు?"

"పద్దెనిమిదేండ్లు నువ్వు ఇంటికొస్తే ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని గోడ తట్టు తిరిగి పండుకున్యా" అంది. "ఇప్పుడు దినానికి ఒక్క నిమిషం నీ మొగం దగ్గరికి రాగలుగుతాండా. అది కూడా మానుకోమంటావా?"

ఎనిమిది వందల సాయంత్రాలు ఆ గడపలో నిలబడి పళ్ళు కొరికాను. ఆ రోజు చూసినవి పది, పదిహేను, ఇరవై చెప్పాను. ఇది మాత్రం చూడలేదు.

ఎర్రగడ్డ జేబులో వేసుకున్నాను. ఆమె మునివేళ్ళ మీద లేవాల్సిన పని లేకుండా నేనే తల వంచాను. భుజం మీద చెయ్యి పడింది. గిడ్డమ్మ చూస్తే చూసుకోనీ అనుకున్నాను.